మందుగుండు చేరిన చదువులశాల

చిలకలూరిపేట చేరువనున్న కొండవీటికి విద్యార్థులను తోడ్కొనిపోవు ఉపాధ్యాయులు రెడ్డిరాజుల ప్రాభవమును, విద్యాధికారియైన శ్రీనాథుని వైభవమును తప్పక వినిపింతురు. ఆ కోట చరిత్రతో ముడివడిన మరొక విద్యాప్రియుని పేరు మాత్రము తరగతిలో అరుదుగ వినవచ్చును. అతడు బహమనీ మంత్రి మహమూద్ గవాన్.

పారసీకమందలి గీలాను ప్రాంతమునుండి వర్తకుడై వచ్చి మంత్రిపదవి నందిన గవాన్, రాజధానియైన బీదరు పాతనగరమున 1472లో ఒక మదరసాను కట్టించెను. పొడవు 205 అడుగులు, వెడల్పు 180 అడుగులు, మూడంతస్తులు. ముఖభాగమున రంగుల పింగాణి పలకలు, ఇరుప్రక్కల మినారులు. లోపల బోధనశాలలు, మసీదు, గురుశిష్యుల నివాసపు గదులు. గ్రంథాలయమున 3000 గ్రంథములుండెనని ప్రతీతి. మతశాస్త్రముతోపాటు గణితము, ఖగోళశాస్త్రము నచట బోధించిరి.

ఇట్టి మంత్రిని ఒక దొంగలేఖ బలిగొనెను. కొండవీటి తిరుగుబాటు నణచుటకై సుల్తాను మూడవ మహమ్మదు షా తెలుగునాటికి దండెత్తివచ్చిన కాలమది. గిట్టని సర్దారులు తెల్లకాగితముపై గవాన్ ముద్ర వేయించి, అతడు ఒరిస్సా గజపతికి ద్రోహలేఖ వ్రాసినట్లు కల్పించిరి. సరియైన విచారణ లేకయే 1481 ఏప్రిల్ 5న కొండపల్లి శిబిరమున సుల్తాను అతనిని చంపించెను. లేఖారచనపై ‘మనాజిరుల్ ఇన్షా’ యను శాస్త్రగ్రంథము వ్రాసినవాడు కపటలేఖకు బలియగుట ఎంత విపరీతము! మరుసటి యేడు సుల్తానును మరణించెను. క్రమముగ రాజ్యము ముక్కలయ్యెను.

కట్టించినవాడు పోయినను కట్టడము నిలిచెను. దానికి ముప్పు తరువాత వచ్చెను. 1657లో ఔరంగజేబు బీదరును జయించిన పిమ్మట, ఆ గదులలో సైనికులు బసచేసిరి. కొన్నిట మందుగుండు నిలువచేసిరి. 1696లో సంభవించిన పేలుడువలన ముఖభాగములో సగము, దానితో ఒక మినారు నేలగూలెను. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనుండి, నేడు కర్ణాటకమున నున్న బీదరులో ఆ మిగిలిన భాగమును పురావస్తుశాఖ కాపాడుచున్నది.

చదువుకై కట్టిన గదిని వేరు పనికి విడుచుట మొదట స్వల్పముగనే తోచును. ప్రత్తి బేళ్లకు, మిరప టిక్కీలకు గిడ్డంగులు కావలసినదే; బడిగది మాత్రము గిడ్డంగి కారాదు. విరిగిన బల్లలకైనను, వాడని సామగ్రికైనను ఇదియే నియమము. కొండవీటినుండి మరలివచ్చిన విద్యార్థులు తమ బడిలో తాళముపడిన గదులెన్నియో లెక్కింపవలెను. వానిలో ఒక్కటినైనను పుస్తకములకై తెరపించుట ఉపాధ్యాయులు, ఊరి పెద్దలు చేయదగిన పని.