రంగాజమ్మ నాటకం ఖమ్మంలో ఆడాలి

ఏటా రామదాసు జయంతికి భద్రాచలంలో వాగ్గేయకారోత్సవాలు జరుగుతాయి. విద్వాంసులంతా గోష్ఠిగా కూర్చుని నవరత్న కీర్తనలు అందుకుంటారు. పాట వచ్చినవాళ్లు గొంతు కలుపుతారు, రానివాళ్లు తాళం వేస్తారు. రామదాసుగా పేరుపడ్డ నేలకొండపల్లి గోపన్న పాట మూడున్నర శతాబ్దాలుగా ఈ జిల్లా నోట్లో నానుతూనే ఉంది. సరిగ్గా ఆయన కాలంలోనే తంజావూరులో ఒక స్త్రీ ఇదే తెలుగులో, మొదటి నుంచి చివరిదాకా పాడి ఆడదగ్గ నాటకం ఒకటి రాసింది. నాటకం పేరు ‘మన్నారుదాస విలాసం’. రాసినామె పసుపులేటి రంగాజమ్మ. గ్రంథం చెక్కుచెదరకుండా ఉంది, అచ్చయింది కూడా. ఆడేవాళ్లే లేరు. ఆ నాటకాన్ని మన ఖమ్మంలో ఆడించాలని ఈ వారం గట్టిగా అడగదలచుకున్నాను.

రంగాజమ్మ తంజావూరు విజయరాఘవ నాయకుడి కొలువులో కవయిత్రి. ఎనిమిది భాషల్లో కవిత్వం చెప్పగలదని పేరు. రాజు ఆమెకు కనకాభిషేకం చేశాడు. ‘ఉషాపరిణయం’ ప్రబంధం ఆమెదే. ‘మన్నారుదాస విలాసం’ కథను ఒకసారి ప్రబంధంగానూ, ఇంకోసారి యక్షగానంగానూ రాసింది. మన్నారుదాసు అంటే విజయరాఘవుడే, మన్నారుగుడి రాజగోపాలస్వామికి దాసుడు. ఆయనకూ కాంతిమతికీ జరిగిన పెళ్లి ఇతివృత్తం. విజయరాఘవుడు స్వయంగా యక్షగానాలు రాశాడు. క్షేత్రయ్య ఆ కొలువుకు వచ్చి పదాలు పాడాడు. అక్కడి నర్తకీమణుల పేర్లు, వాళ్లు ఆడిన జక్కిణి, పేరణి వంటి నాట్యాల పేర్లు ఆనాటి గ్రంథాలకెక్కాయి. 1673లో మధుర నాయకుల దాడిలో విజయరాఘవుడు చనిపోయాడు, కొలువు చెదిరిపోయింది. అప్పటికి గోల్కొండ గద్దెమీద, గోపన్నను చెరలో పెట్టిన తానీషా కూర్చుని ఏడాది. గోపన్న కథ మనకు కంఠతా వచ్చు. రంగాజమ్మ విషయంలో సాహిత్యం చదువుకున్నవాళ్లకు సైతం గుర్తున్నది పట్టపురాణికి ఆమె జవాబుగా పంపిందని చెప్పుకునే చాటుపద్యం ఒక్కటే. ఇంత రాసిన మనిషి సవతుల కయ్యం కథలో మిగిలిపోవడం నాకు మింగుడుపడదు.

ఆనాటి యక్షగానం పుట తెరిస్తే ఏముంటుంది? కొంచెం ద్విపద నడుస్తుంది. ఒక వచనం కథను ముందుకు తోస్తుంది. తర్వాత దరువు. దాని నెత్తిన రాగం పేరు, తాళం పేరు. కింద పల్లవి, చరణాలు. స్వరం ఒక్కటి కూడా కనబడదు. పాత్ర ఎటువైపు నుంచి రావాలి, ఏ మాటకు చెయ్యి ఎత్తాలి, మద్దెల ఎక్కడ ఆగాలి, ఇవేవీ రాసి ఉండవు. ఆడేవాళ్లకు తెలుసు కనుక రాయలేదు. వాళ్లతోపాటే అదంతా వెళ్లిపోయింది.

ఇంచుమించు అదే శతాబ్దంలో ఇటలీలో ఫ్రాంచెస్కా కాచీని అనే సంగీతకారిణి ఉండేది. 1625లో ఫ్లోరెన్స్‌లో ఆమె ఒపెరా ఆడారు. మంత్రగత్తె ఆల్చీనా దీవిలో చిక్కుకున్న రుజ్జేరో అనే వీరుణ్ని విడిపించే కథ. చూడటానికి వచ్చిన పోలండ్ యువరాజుకు అది ఎంత నచ్చిందో గాని, 1628లో వార్సాలోనూ ఆడించారు. తర్వాత శతాబ్దాలపాటు దాని ఊసే లేదు. మన కాలంలో మళ్లీ వెలికితీసి దేశదేశాల్లో ఆడుతున్నారు. వాళ్ల అదృష్టం ఏమిటంటే స్వరాలతో సహా పుస్తకం 1625లోనే అచ్చయింది. మనకు ఆ వసతి లేదు, నిజమే. అంతమాత్రాన పని ఆగాలా?

అన్నమయ్య రాగిరేకుల మీద ఏముంది? రాగం పేరు, పాట. అంతే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు కూర్చుని వరుసలు కట్టారు. ఆయన దారిలో ఇంకెందరో కట్టారు. ఇవాళ ఆ పాటలు లేని తెలుగిల్లు లేదు. మన రామదాసు కీర్తనలు బాలమురళీకృష్ణ గారి గొంతుతోనే కదా ఇంటింటికీ చేరాయి! గోపన్న చెరసాలలో ఏ వరుసలో పాడాడో ఎవరు విన్నారు? మగ వాగ్గేయకారుల విషయంలో అడ్డురాని లోటు రంగాజమ్మ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు అడ్డొస్తుంది? ఆమె రాగం చెప్పింది, తాళం చెప్పింది. ఇంతకంటే ఆధారం ఏం కావాలి?

అసలు కారణం వేరే ఉందని నా నమ్మకం. తంజావూరు సీమలోనే మెలట్టూరు భాగవతమేళా ఇప్పటికీ తెలుగులో ఆడుతున్నారు, నరసింహ జయంతి వేళకు. ఆడేది మగవాళ్లు. కూచిపూడీ మొన్నమొన్నటిదాకా మగవాళ్లదే. ఆ పరంపరలకు ఊరు, గుడి, మాన్యం అండగా ఉన్నాయి. కొలువులో ఆడిన స్త్రీల పాటకు కొలువు పోయాక దిక్కులేకపోయింది. పైగా ఆ కుటుంబాల మీద వేసిన మచ్చ వాళ్ల కళమీదా పడింది. తర్వాతి కాలంలో తంజావూరు కొలువులోనే ఉన్న కవయిత్రి ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’కు ఏం జరిగిందో చూడండి. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో వావిళ్ల వారి చేత ఆ కావ్యాన్ని పూర్తిగా అచ్చువేయించింది. అశ్లీలమని మరుసటి ఏడే ప్రభుత్వం కేసు పెట్టింది. నిషేధం తొలగేసరికి 1947. అంతకంటే పచ్చిగా రాసిన మగ కవులు పాఠ్యపుస్తకాల్లో పదిలంగానే ఉన్నారు. నాగరత్నమ్మ చూపిన తెగువను నాటకం విషయంలో ఇంకా ఎవరో ఒకరు చూపాలి.

గొంతు పోతే ఏం పోతుందో మన అడవి అంచున ఉన్నవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్య డోలి కొట్టి సమ్మక్క సారలమ్మ కథ కోయలోనూ తెలుగులోనూ చెప్పేవాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో వెళ్లిపోయాడు. ఆయన కథ గొంతులో ఉండేది, రంగాజమ్మ కథ కాగితం మీద ఉంది. ఆయన చెప్పినదాన్ని రాసుకోవడం ఎంత అవసరమో, ఆమె రాసినదాన్ని పాడటం అంతే అవసరం.

ఖమ్మమే ఎందుకంటే, యక్షగానం ఎలా కదులుతుందో ఈ నేలకు ఇంకా తెలుసు. మన పల్లెల్లో భాగోతం చూసినవాళ్లు గుర్తుచేసుకోండి. ఇద్దరు మనుషులు తెర అడ్డం పట్టుకుంటారు. తెర కింద ముందు పాదాలు కనిపిస్తాయి, గజ్జెలు మోగుతాయి. దరువు అందుకోగానే తెర పైన కిరీటం కొస కదులుతుంది. లోపలున్నది ఎవరో పాటే చెబుతుంది. జనం ఈలవేశాకే తెర దిగుతుంది. దరువు అంటే ఏమిటో ఈ ఊళ్లలో ప్రేక్షకులకు పాఠం చెప్పనక్కర్లేదు. చిరుతల రామాయణం ఆడే కుర్రాళ్లకు లయ కాళ్లలో ఉంటుంది. ఇక ఆడవాళ్ల సంగతంటారా, నిజామాబాద్ వైపు చిందుల ఎల్లమ్మ చెంచులక్ష్మి వేషం కట్టి తెల్లవార్లూ ఊళ్లను కూర్చోబెట్టింది. సురభి నాటక కుటుంబాల్లో స్త్రీలు తరతరాలుగా రంగస్థలం మీదే పెరిగారు. ఆడగలవాళ్లు లేకపోలేదు, వాళ్ల చేతికి ఈ గ్రంథం అందలేదు.

రాజును పొగిడే శృంగార నాటకం రామయ్య సీమలో ఎందుకని కొందరు అడగవచ్చు. భద్రాద్రి వైభవమంతా ఒక పెళ్లి చుట్టూ అల్లుకున్నదే. ముత్యాల తలంబ్రాల కోసం లక్షలమంది వస్తారు. పెళ్లి పాట విని నొచ్చుకునే ఊరు కాదిది. రాజస్తుతి అంటారా, కాచీని ఒపెరా కూడా ఫ్లోరెన్స్ ఏలికల కొలువులో యువరాజు మెప్పుకోసం ఆడినదే. నన్ను పట్టుకున్నది రాజు గొప్ప కాదు. తన రాజు మరో స్త్రీని పెళ్లాడే కథను అతని కొలువులోనే ఉన్న ఒక స్త్రీ రెండు రూపాల్లో రాయడం. ఆ మాటలు ఒక నటి నోట వినాలని ఉంది. చదివితే తెలియనిది అప్పుడు తెలుస్తుంది.

మొత్తం నాటకం ఒకేసారి అక్కర్లేదు. గంటసేపు నడిచేలా కొన్ని దరువులు ఏరుకుని, రాగతాళాలు ఆమె చెప్పినట్టే ఉంచి, ఒక విద్వాంసురాలి చేత వరుస కట్టించి, భక్త రామదాసు కళాక్షేత్రంలో ఒక సాయంత్రం పెట్టవచ్చు. పక్కవాద్యంగా మద్దెల, తాళాలు చాలు. అది నిలబడితే మరో కవయిత్రి తరిగొండ వెంగమాంబ రాసిన యక్షగానం ‘చెంచు నాటకం’ ఉండనే ఉంది. తిరుమలలో ఆమె ముత్యాల హారతి ఈనాటికీ నడుస్తోంది, యక్షగానాల ఊసే లేదు. ఆ చెంచు పిల్ల కథను మన మన్యంలో కోయ పిల్లల చేతే ఆడించవచ్చు. వాగ్గేయకారోత్సవాల్లో ఒక పూట ఈ ఇద్దరికీ కేటాయించమని నిర్వాహకులను, ఎంపిక చేసిన దరువులు అచ్చువేసి చిందు భాగోతం బృందాలకూ సంగీత కళాశాలలకూ పంపమని సాంస్కృతిక శాఖను కోరుతున్నాను. జయంతికి నెలల ముందే సాధన మొదలుకావాలి కాబట్టి, గ్రంథం చేతికందాల్సింది ఈ వానాకాలంలోనే.