గాయమన్న మాటకు ఎన్ని అర్థాలు?

నిజామాబాదు పసుపుకు, బోధన్ చెరకుకు పేరుపొందినవి. కనుక ఈ ప్రాంతపు ఇళ్లలో గాయమనగానే చేయి పసుపు డబ్బా వైపు సాగడం సహజం. చర్మం కొద్దిగా గీసుకుపోతే ఆ అలవాటు వలన చిక్కేమీ లేదు. బోధన్ చక్కెర కర్మాగారం 2015లో మూతపడినా చెరకు నరికే కత్తి మాత్రం ఇంకా చూరులోనే ఉన్నది. అది కాలిపై పడి ఎముక కనిపించినా మనం "గాయమైంది" అనే అంటున్నాం. మాట ఒకటే కావడంతో వైద్యమూ ఒకటే అవుతున్నది. ప్రమాదమంతా ఇక్కడనే ఉన్నది.

మన శాస్త్రం ఇట్లు ఒక్క మాటతో సరిపుచ్చుకోలేదు. ఆయుధాదుల వలన అప్పటికప్పుడు కలిగే సద్యోవ్రణాన్ని సుశ్రుతుడు ఆరు విధాలుగా విభజించాడు. కత్తివేటు ఛిన్నం. ఎద్దు కొమ్ము పొట్టలోని అవయవాన్ని చీల్చితే భిన్నం. చెరకు మోడు పాదంలో దిగితే విద్ధం. తెగుట, గుచ్చుకొనుట కొంత కొంత కలిసి వంకరగా ఉన్నది క్షతం. చెరకు రసపు యంత్రంలో పడి చేయి ఎముకతో సహా నలిగితే పిచ్చితం. సైకిలుపై నుండి పడి చర్మం గీసుకుపోతే ఘృష్టం. వార్తలలో ప్రతి బాధితుడూ "క్షతగాత్రుడే". శాస్త్రంలో క్షతం ఆరింటిలో ఒకటి మాత్రమే. మర్మమనగా నేడు రహస్యమని అర్థం. సుశ్రుతునికి అది దెబ్బ తగలరాని చోటు. అట్టివి 107, వాటిలో 19 సద్యఃప్రాణహరాలు.

చట్టమూ తీవ్ర గాయాన్ని వేరు చేసి చెప్పింది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షను ప్రకారం ఎముక విరగడం, ఒక కంటి చూపైనా శాశ్వతంగా పోవడం వంటివి తీవ్ర గాయాలు. 15 రోజులు తీవ్రమైన బాధతో ఉన్నా, నిత్యకృత్యాలు చేసుకోలేకపోయినా అది తీవ్ర గాయమే. పూర్వపు శిక్షాస్మృతిలో ఈ గడువు 20 రోజులు.

కావున గృహిణులకు నా మనవి ఒక్కటే. ఇంట్లో ఎవరైనా "గాయమైంది" అన్నచో, ఎట్లా, ఎక్కడ, ఎంత లోతున అని మొదట విచారించండి. ఘృష్టమైతే శుభ్రమైన నీటితో కడిగి గృహచికిత్స చేయవచ్చును. తక్కిన వాటిలో పసుపు, సున్నం, కాఫీపొడి నింపరాదు. నెత్తురు ధారగా కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. లోతుగా దిగిన వస్తువును ఇంట్లో పెరకరాదు. విద్ధం పైకి చిన్నదిగా కనిపించినా ధనుర్వాత భయం ఉన్నది. సూదిమందు విషయం వైద్యుని అడిగి తీరాలి.

పసుపు గొప్పదే. అది ఎక్కడ చాలదో తెలిసిన ఇల్లే దాని విలువ నిజంగా ఎరిగిన ఇల్లు.