తెర ఎదుట దీపం

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఈ రెండు పరీక్షలకు తోడు మూడవది ఒకటి ఈనాడు బయలుదేరినది: ఇంటిలో సినిమాగది కట్టి చూడడం. పట్టణాలలో కాస్త కలిగినవారు కొత్త ఇంటికి నమూనా గీయించుకొనేటప్పుడు పూజగదికి, వంటగదికి చోటు చూచినట్లే ‘హోం థియేటర్’కు కూడ చోటు చూస్తున్నారు. గోడనిండ తెర, కాళ్ళు చాపుకొనే కుర్చీలు, నలుప్రక్కల స్పీకర్లు, ఇవి సరే. వీటన్నిటినీ మించి ఆ గదికి శోభ అని చెప్పుకొనేవి దీపాలు. కప్పు అంచున దాగిన వెలుగుపట్టీలు, మెట్టుమెట్టుకూ చిన్న దీపాలు, నల్లని కప్పులో నక్షత్రాల వలె మినుకుమనే చుక్కలు, తెరమీద బొమ్మ ఎరుపైతే తామూ ఎరుపై, నీలమైతే తామూ నీలమయ్యే గోడదీపాలు! అన్నీ ఒక్క మీటకు, లేదా చేతిలోని ఫోనుకు లోబడి ఉంటవి. వచ్చిన చుట్టాలకు ముందుగా చూపించేది సినిమాను కాదు, ఈ దీపాల విన్యాసాన్నే.

ఈ గదిని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. నడవలేని ముసలివారు, చంటిపిల్లల తల్లులు, హాలు దాక పోలేనివారు ఇంటిపట్టున ఉండి మంచి చిత్రాన్ని చక్కగా చూడగలగడం మేలే. ఎవరి సొమ్ము వారు ఖర్చు చేసుకొనడాన్ని తప్పుపట్టే అధికారం మనకు లేదు. నేను చెప్పదలచినది ఒక్కటే. చూపుకోసం కట్టిన గదిలో దీపానికి ఒక ధర్మం ఉన్నది. కన్నును సిద్ధపరచి తాను తప్పుకోవడం ఆ ధర్మం. దానిని మరచి దీపమే తమాషాగా మారినప్పుడు ఎంత ఖరీదైన గది అయినా చూపుకు అక్కరకు రాదు. ఈ సంగతి ఇల్లు కట్టుకొనేవారికంటె బడిలో పాఠం చెప్పేవారికి ఎక్కువ అవసరమని నా అభిప్రాయం. ఎందుకో క్రమంగా మనవి చేస్తాను.

ప్రేక్షకుని కోసం గది కట్టడం మనకు కొత్త విద్య కాదు. భరతుని నాట్యశాస్త్రంలో రెండవ అధ్యాయం ఈ విషయాన్నే చెప్తుంది. ప్రేక్షాగృహాలు ఆకారాన్ని బట్టి వికృష్టం, చతురశ్రం, త్ర్యశ్రం అని మూడు విధాలు. పరిమాణాన్ని బట్టి జ్యేష్ఠం, మధ్యమం, అవరం అని మూడు విధాలు. మానవులకు తగినదిగా భరతుడు నిర్ణయించినది 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు గలది. హస్తమంటే మూర అనుకొంటే ఇంచుమించు 96 అడుగుల పొడవు, 48 అడుగుల వెడల్పు. అంతకు మించి కట్టరాదన్నాడు. కారణం కూడ చెప్పినాడు. గది మరీ పెద్దదైతే పలికిన మాట స్పష్టంగా వినబడదు, ముఖంలోని భావం కంటికి ఆనదు. అంటే గది కొలత కట్టించేవాని హోదాను బట్టి కాక, చివర కూర్చున్నవాని చెవిని, కంటిని బట్టి నిర్ణయం కావలెనన్నమాట. మండపం కొండగుహ ఆకారంలో ఉండవలెననీ, కిటికీలు చిన్నవిగా ఉండవలెననీ, గాలి దూరక ధ్వని గంభీరంగా నిలువవలెననీ కూడ ఆయన విధించినాడు. ఇంటి సినిమాగదికి నేటి శబ్దశాస్త్రజ్ఞుడు చెప్పే మాటలు వీటికి దూరమైనవి కావు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానంగా ఉన్న గదిలో కొన్ని మంద్రధ్వనులు అతిగా మ్రోగుతవి. ఎదురెదురు నున్నని గోడల మధ్య చప్పట్లు కొడితే శబ్దం అటూ ఇటూ తాకి గలగలమంటుంది. తివాచీలు, మడతలు గల తెరచీరలు, గోడకు మెత్తని పలకలు అందుకే.

శాస్త్రం సంగతి అట్లా ఉంచి, మన పల్లెల తోలుబొమ్మలాటను చూడండి. వెలుతురును గూర్చి అంతకంటె మంచి పాఠం లేదు. తెల్లని పంచెను తెరగా కట్టి, దాని వెనుక దీపం పెట్టి, కాంతి దూరేటంత పలుచగా తోలును శుభ్రం చేసి రంగులు వేసిన బొమ్మను తెరకు ఆనించి ఆడిస్తారు. పూర్వం ఆముదపు దీపాలు; తరువాత విద్యుద్దీపాలు వచ్చినవి. ఏ దీపమైనా వెలుగంతా తెర వెనుకనే. చూచేవారివైపు చీకటి. ఆట రాత్రిపూట సాగడానికి పనులు తీరిన వేళ కావడం ఒక్కటే కారణం కాదు. ఆ చీకటి కూడ ఆటకు కావలసిన పరికరమే. బొమ్మలో పొడిచిన చిల్లులగుండా వచ్చే వెలుగుచుక్కలు సీతమ్మ నగలై మెరవవలెనంటే చూచేవారి నెత్తిమీద మరొక దీపం ఉండరాదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట కళాకారులు అదే తోలుతో నేడు దీపాలకు తొడుగులు కూడ చేస్తున్నారు. వెలుతురును ఎక్కడ ఆపవలెనో, ఎక్కడ వదలవలెనో తెలిసిన చేతులకు అది సహజమైన పనే.

ఇక యంత్రం సంగతి. ప్రొజెక్టరు తెరమీద తెలుపు వేయగలదు, ఎరుపు వేయగలదు. నలుపు మాత్రం వేయలేదు. నలుపు అనేది కాంతి పడని చోటు. తెరమీద నలుపు అని మనం అనుకొనేది నిజానికి ఆ గదిలోని చీకటే. గదిలో ఒక దీపం వెలిగితే ఆ నలుపు బూడిదరంగు అవుతుంది. నీడలు, నీడలలోని మడతలు, ముంగురులు, కనురెప్పలు మాసిపోతవి. తెల్లని గోడలు కూడ శత్రువులే. తెరనుంచి వచ్చిన వెలుతురునే పట్టుకొని తిరిగి తెరమీదకు కొడతవి. కనుక తెర దగ్గరి గోడలకు, కప్పుకు నిగనిగలాడని ముదురురంగు వేయమంటారు తెలిసినవారు. సినిమాహాలు తెరపై తెలుపుకు పరిశ్రమ పెట్టుకొన్న ప్రమాణం చదరపు మీటరుకు 48 కాండెలాలు మాత్రమే. మన అరచేతిలోని ఫోనుతెర అంతకు ఎన్నో రెట్లు మిరుమిట్లు గొలుపగలదు. అయినా హాలులో ఆ మితమైన వెలుగే మనకు మండుటెండగా కనబడుతుంది. ఆ మాయ యంత్రానిది కాదు, చీకటిది.

కంటికి వ్యవధి కూడ కావలెను. వెలుతురునుండి చీకటిలోకి వచ్చినప్పుడు కంటిపాప క్షణాలలో విచ్చుకొన్నా, లోపలి పొర చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. హాలులో దీపాలను ఒక్కసారిగా ఆర్పక మెల్లమెల్లగా తగ్గించే మర్యాదలోని అర్థం ఇదే. ఐరోపా నాటకశాలలలో కూడ ఒకప్పుడు ప్రేక్షకుల మీద దీపాలు వెలుగుతుండగానే ఆట సాగేది. వచ్చినవారు రంగాన్ని ఎంత చూచేవారో ఒకరి నగలు ఒకరు అంత చూచుకొనేవారు. జర్మనీలో బైరాయిట్ పట్టణాన వాగ్నర్ తన సంగీతనాటకాల కోసం కట్టించి 1876లో తెరిపించిన రంగశాల ఈ అలవాటును మార్చినవాటిలో ప్రసిద్ధమైనది. అక్కడ ప్రేక్షకుల భాగం చీకటి. వెలుగు రంగం మీదనే. మన తోలుబొమ్మలవాడు ఏనాటినుంచో చేస్తున్నదే అది.

ఈ దృష్టితో నేటి సినిమాగది దీపాలను పరిశీలిద్దాం. టెలివిజన్ వెనుక గోడమీద బొమ్మతోపాటు రంగు మారే వెలుతురును ఫిలిప్స్ సంస్థ 2004లో ‘ఆంబిలైట్’ పేరుతో తెచ్చినది. అట్టి దీపాలు నేడు విడిగా కూడ దొరుకుతున్నవి. ఇందులో సగం నిజం, సగం విలాసం. నిజమేమంటే, కటికచీకటిలో మెరిసే టెలివిజన్ తెరను చాలసేపు చూస్తే కన్ను అలసిపోతుంది. తెర వెనుక కదలని, మందమైన, 6500 కెల్విన్ల తెల్లని వెలుతురు ఉంటే ఆ అలసట తగ్గుతుంది. ఆ వెలుతురు గెంతడం, రంగులు మార్చడం మాత్రం విలాసం. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో శశిరేఖాభిమన్యుల నౌకావిహారానికి ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే వెన్నెలను సృష్టించిన తీరును నేటికీ చెప్పుకొంటున్నారు. నలుపు తెలుపుల నడిమి మెట్లతోనే ఆయన నీటిమీద చంద్రకాంతిని పరచినాడు. ఆ దృశ్యం నడుస్తుండగా ప్రక్కగోడ తళుక్కుమని వెలిగి ఆరుతూ ఉంటే వెన్నెలకు కొత్త అందం రాదు, ఉన్నది పోతుంది. కవి చెప్పవలసినంత చెప్పి ఆగిన పద్యానికి వ్యాఖ్యాత పాదపాదానికి చప్పట్లు కొట్టినట్లుంటుంది.

అట్లయితే ఆ గదిలో దీపాలే వద్దా? కావలెను. మూడు పనులకు కావలెను. మొదటిది, వచ్చి కూర్చొనేటప్పుడు. అందుకు గోడవైపు తిరిగిన మెత్తని పచ్చని వెలుతురు చాలు, డిమ్మరుతో మెల్లగా తగ్గేది. రెండవది, ఆట మధ్యలో లేచేవారి కాలికి. అది నేలకు జానెడెత్తున, దీపం కనబడక నేల మాత్రమే కనబడేటట్లు ఉండవలెను. మెట్లున్న గదిలో ఇది విలాసం కాదు, రక్షణ. మూడవది, ఆట ముగిసిన పిమ్మట. దాని సంగతి చివర చెప్తాను. దీపాలన్నిటినీ సమన్వయించడమంటే అన్నిటినీ ఒకేసారి వెలిగించడం కాదు. ఏది ఎప్పుడు ఆరవలెనో తెలిసి ఉండడం.

మరొక మాట. సినిమా పుట్టుకలోనే రెండు దారులున్నవి. 1894లో న్యూయార్కులో ఎడిసన్ సంస్థవారి కినెటోస్కోపులతో అంగడి వెలసినప్పుడు ఒక్కొక్కరే పెట్టెలోకి తొంగి కదిలే బొమ్మను చూచేవారు. 1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు అట్టి బొమ్మనే తెరమీద పదుగురి ముందు వేసినారు. 1896 జూలై 7న అది బొంబాయిలోని వాట్సన్ హోటలుకు వచ్చినది. లోకం పెట్టెను విడిచి తెరను పట్టుకొన్నది. ఫోను రూపంలో ఆ పెట్టె మళ్ళీ మన చేతికి వచ్చినది. ఇంటిల్లిపాదినీ ఒక తెర ఎదుట కూర్చోబెట్టేవాడు ఆ మేరకు మెచ్చదగినవాడే.

పదుగురు ఒక తెర ఎదుట కూర్చొనే చోటు ఇల్లొక్కటే కాదు, బడి కూడ. కొన్నేళ్ళుగా మన రెండు రాష్ట్రాల తరగతి గదులలోకి తెరలు వచ్చినవి. కొన్నిచోట్ల ప్రొజెక్టరు, కొన్నిచోట్ల గోడకు బిగించిన పెద్ద స్పర్శతెర. గది మాత్రం నల్లబల్ల కోసం కట్టినదే. నల్లబల్లమీద వెలుతురు పడవలెను, తెరమీద పడరాదు. ఈ భేదం ఎవరూ తలచక పోవడంచేత నల్లబల్లపై బిగించిన ట్యూబులైటు ప్రొజెక్టరు బొమ్మను వెలవెలబోయేటట్లు చేస్తుంది. కిటికీకి ఎదురుగా బిగించిన గాజుతెరలో జీవకణానికి బదులు బయటి వేపచెట్టు కనబడుతుంది. ముందు వరుసవారు చూస్తారు; వెనుక బెంచీవారు విన్నదానితో సరిపెట్టుకొంటారు. కనబడలేదని చెప్పడానికి మొగమాటపడే పిల్లవాడు పాఠమే తనకు అందనిదని నమ్ముతాడు. అక్కడ కొరత బుద్ధిలో లేదు, దీపం పెట్టిన చోటులో ఉన్నది.

దీనికి పెద్ద ఖర్చు అక్కరలేదు. తెరను కిటికీలకు ఎదురుగోడకు గాక ప్రక్కగోడకు బిగించవలెను. ముందువరుస దీపానికి విడిగా మీట పెట్టవలెను. దానిని ఆర్పి వెనుక దీపాన్ని ఉంచితే పిల్లలు వ్రాసుకొనడానికి వెలుతురు చాలుతుంది, బొమ్మ కూడ నిలుస్తుంది. తెర దగ్గరి కిటికీకి ముదురురంగు గుడ్డ కట్టవలెను. పాఠానికి ముందు ఉపాధ్యాయుడు ఒకసారి చివరి బెంచీలో కూర్చొని అక్షరాలు కనబడుతున్నవో లేదో చూచుకోవలెను. భరతుడు మండపాన్ని కొలిచినది ఆ చివరి కంటితోనే గదా! విద్యార్థులకు ఇందులో ఒక ప్రయోగం కూడ ఉన్నది. దీపాలన్నీ వెలిగించి తెరమీద ఒక ఛాయాచిత్రం పెట్టండి. ఒక్కొక్క దీపమే ఆర్పుతూ, ఏది ఆరినప్పుడు బొమ్మలో ఏ నీడ బయటపడినదో వ్రాసుకోండి. కాంతిని గూర్చిన పాఠం, కళను గూర్చిన పాఠం ఒక్కసారే తెలుస్తవి.

ఇక మూడవ దీపం. ఆట ముగిసిన పిమ్మట మెల్లగా వెలిగేది అది. అది తెరను చూపించడానికి కాదు, ముఖాలను చూపించడానికి. ఎవరి కన్ను తడిసినదో, ఎవరికి నవ్వు ఇంకా ఆగలేదో, తాతకు నచ్చినది మనుమనికి ఎందుకు నచ్చలేదో ఆ వెలుతురులోనే తెలుస్తుంది. బడిలో కూడ బొమ్మ ఆగగానే పిల్లలను లేపరాదు. దీపం వెలిగించి 10 నిమిషాలు వారిచేత మాట్లాడించవలెను. చూచినది చదువుగా మారేది అప్పుడే. సినిమాగది కట్టించేవారు విద్యుత్తు పనివానికి మొట్టమొదట చెప్పవలసినది, అందరూ చెప్పడం మరచేది, ఆ దీపం సంగతే.