బటన్ పెద్దదైతే సరిపోతుందా సాహెబ్?

"టచ్ ఫ్రెండ్లీ" అనే మాట ఈ మధ్య ప్రతి సాఫ్ట్‌వేర్ నుదుటి మీదా కనిపిస్తోంది. ఫ్రెండ్లీ అంటే దోస్తానా అనే కదా. మరి ఎవరి వేలితో దోస్తానా? ఈ సవాల్‌కు జవాబు చెప్పేవాళ్లు నాకింతవరకూ దొరకలేదు.

నేను మాట్లాడుతున్నది ఇంట్లో టీవీకి తగిలించుకునే మీడియా సెంటర్ సాఫ్ట్‌వేర్ గురించి. అందులో అందరికీ తెలిసినది కోడి. తెలుగులో చదివితే పుంజు గుర్తొస్తుంది, నవ్వుకోండి, ఫరవాలేదు. మన దగ్గరున్న సినిమాలు, పాటలు, ఫొటోలు, షాదీ వీడియోలు అన్నింటినీ ఒక చోట చేర్చి తెర మీద చూపించే ముఫ్త్ సాఫ్ట్‌వేర్ అది. దొంగ సినిమాల డబ్బాలు అమ్మేవాళ్లు దాన్ని బద్నామ్ చేశారు గానీ, దానంతట అది ఏ సినిమానూ వెంట తేదు. మీ మాల్ మీకు చూపిస్తుంది, అంతే.

దాని పుట్టుక తెలిస్తే దాని ఐబ్ కూడా తెలుస్తుంది. రెండు వేల మొదటి ఏళ్లలో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ అనే ఆటల డబ్బా మీద ఇది పుట్టింది. అందుకే చాలాకాలం దాని పేరు ఎక్స్‌బీఎంసీ. 2014లో కోడిగా మారింది. ఆటల డబ్బా అంటే చేతిలో కీల పరికరం, ఎదురుగా టీవీ, నడుమ పది అడుగుల దూరం. డిజైన్ చేసేవాళ్లు దీన్ని పది అడుగుల ఇంటర్‌ఫేస్ అనే పిలుస్తారు. సోఫాలో వెనక్కి వాలి కూర్చున్నవాడు, ఇంగ్లిష్ చదవగలిగినవాడు, రిమోట్ మీద పెత్తనం ఉన్నవాడు: ఈ సాఫ్ట్‌వేర్ ఊహలో ఉన్న మనిషి వాడు. మా తాండూరు ఇంట్లో ఆ మనిషి లేడు. అక్కడున్నది మా అమ్మీ.

తర్వాత టాబ్లెట్లు, ఫోన్లు వచ్చాయి. వేలికి వేరే వేషం కావాలని వాళ్లకూ తెలిసింది. 2017 ఫిబ్రవరిలో వచ్చిన పదిహేడో వెర్షన్‌లో టీవీకి ఎస్ట్యువరీ, వేలికి ఎస్టచీ అని రెండు వేషాలు పెట్టారు. వీటినే స్కిన్‌లు అంటారు. ముఫ్త్‌గా పనిచేసే వలంటీర్ల మెహనత్ అది. వాళ్లను తిట్టడం నా మక్సద్ కాదు. కానీ ఆ దారిలో నడిచే ప్రతి డిజైనరూ మొదట చేసేది ఒకటే: బటన్ పెద్దది చేయడం. ఆపిల్ వాళ్లు 44 పాయింట్లు అన్నారు, ఆండ్రాయిడ్ వాళ్లు 48 డీపీ అన్నారు. రెండో కొలత తెర మీద దాదాపు 9 మిల్లీమీటర్లు. ఆ లెక్క గలత్ కాదు, అధూరా. వేలికి జాగా దొరికింది, మనిషికి దొరకలేదు.

ఎలాగంటారా? రిమోట్‌తో నడిచేటప్పుడు తెర మీద ఒక వెలుగు మీతోపాటు కదులుతుంది. ఇప్పుడు మీరు ఈ బొమ్మ మీద ఉన్నారు, దీని పేరు ఇది అని చెబుతుంది. చూశాక, నచ్చితే ఓకే నొక్కుతారు. వేలితో ఆ నడుమ మెట్టు ఉండదు. ముట్టుకుంటే మొదలైపోతుంది. వెలుగు పడినప్పుడే పేరు కనిపించేలా గీసిన తెరను అలాగే టాబ్లెట్ మీదికి తెస్తే, పేరు చూడాలంటే ముట్టాలి, ముడితే సినిమా మొదలు. ఇక వేలు కాసేపు నొక్కి ఉంచితే ఇంకో మెనూ వస్తుంది, పక్కకు జరిపితే మరొకటి. ఈ సైగల సంగతి తెర మీద ఎక్కడా రాసి ఉండదు. తెలిసినవాడికే తెలుస్తుంది. చేయి వణికే మనిషి మామూలుగా ముట్టినా అది నొక్కి పట్టినట్టు లెక్క. అడగని మెనూ తెర మీద దూకుతుంది. "హాయ్ అల్లా, క్యా ఖరాబ్ హువా కీ" అని అమ్మీ టాబ్లెట్ పక్కన పెట్టేస్తుంది. ఖరాబైంది డిజైన్ అని ఆమెకు ఎవరు చెప్పాలి?

వేలు అనగానే డిజైనర్ మనసులో మెత్తటి వేలు ఉంటుంది. తాండూరుకు రండి. నాపరాయి గనులు, పాలిష్ మిషన్లు ఊరి చుట్టూ కనిపిస్తాయి. తరాలుగా రాయి కోసి, అరగదీసి బతుకుతున్న చేతులు అవి. ఇప్పటి టచ్ తెరలు నొక్కుడు బలాన్ని చూడవు, చర్మంలోని కరెంటు గుణాన్ని పసిగడతాయి. కాయలు కాసి ఎండిపోయిన వేలి మీద రాతిపొడి కూడా పేరుకుంటే ఆ పసిగట్టడం మందగిస్తుంది. ఒకసారి ముడితే పలకదు, మూడోసారికి పలుకుతుంది, ఆలోగా మనిషి గట్టిగా నొక్కి పట్టుకుంటాడు, మళ్లీ అడగని మెనూ. దినమంతా రాయిని లొంగదీసిన చేయి రాత్రికి అద్దం ముందు నాలాయక్ అయిపోతుంది. పక్కపక్కన ఇరుకుగా పేర్చిన బటన్లు, సన్నటి జరుపుడు గీత, వేగంగా చేయాల్సిన సైగ: ఇవన్నీ ఆ చేతికి బేఇజ్జతీ.

ఇక అసలు మాల్ సంగతి. గల్ఫ్‌కు పోయిన ఇళ్లవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఫోన్ బిల్లు భరించలేని ఆ రోజుల్లో ఖత్ రాసే బదులు క్యాసెట్‌లో మాట్లాడి పంపేవాళ్లు. మా అబ్బా జిద్దా నుంచి పంపిన క్యాసెట్లు అమ్మీ సందూకులో భద్రంగా ఉండేవి. అబ్బా పోయాక వాటిని ఎంపీ3లు చేయించాను. కోడిలో పెట్టాను. ఏమైంది? అవి మొదటి పేజీలో లేవు. ఎందుకంటే ఈ సాఫ్ట్‌వేర్ సినిమా పేరు చూసి ఇంటర్నెట్‌లోని ఖాతాతో సరిపోల్చుకుని, పోస్టరు తెచ్చి, అందంగా అలంకరిస్తుంది. పాట అయితే ఫైల్ లోపల రాసిన ట్యాగ్ చూస్తుంది. మా అబ్బాకు పోస్టరు లేదు, ట్యాగ్ లేదు, ఆల్బమ్ లేదు. మా చెల్లి నికాహ్ వీడియోకు ఏ ఖాతాలోనూ నమోదు లేదు. ఇంట్లో అన్నిటికన్నా కీమతీ మాల్ ఏదో, అదే "ఫైల్స్" అనే మూలలో, ఫోల్డర్‌లో ఫోల్డర్‌లో ఫోల్డర్ కింద దాగి ఉంటుంది. బజారు సినిమాకు దర్వాజా దగ్గర గద్దె, ఇంటి గొంతుకు గోదాము.

దీనికి ఇలాజ్ లేదా అంటే ఉంది. ఆ ఫోల్డర్‌లో అబ్బా ఫొటోను ఫోల్డర్ డాట్ జేపీజీ అనే పేరుతో పెట్టాలి, ఫోల్డర్‌కు ఆ బొమ్మ వస్తుంది. దాన్ని ఫేవరెట్స్‌లో చేర్చాలి. ఇప్పుడు అమ్మీ అక్షరం చదవక్కర్లేదు, మొహం చూసి ముట్టుకుంటుంది, గొంతు వస్తుంది. ఇది పది నిమిషాల పని. కానీ ఈ పది నిమిషాల పని చేయడానికి వికారాబాదులో ఉద్యోగం చేసుకునే నేను రైలెక్కి తాండూరు పోవాలా? ఇంటి మాల్‌కు ఇంటి ఫొటోతో మొదటి పేజీలో జాగా ఇవ్వడం స్కిన్ మొదటి ఫర్జ్ కావాలి గానీ, తెలిసినవాడి చిట్కా కాకూడదు.

ఇప్పుడు లిపి సంగతికి వస్తాను. బడిలో ఉర్దూ మీడియం, డిగ్రీలో తెలుగు చదివినవాణ్ణి కాబట్టి రెండు జుబాన్ల తక్లీఫూ నాకు తెలుసు. చూడటానికి ఒకటి కుడి నుంచి ఎడమకు, ఇంకొకటి ఎడమ నుంచి కుడికి. కానీ తెర మీద రెండింటి బాధా ఒకటే: ఎత్తు. ఉర్దూ నస్తాలీఖ్‌లో మాట పైనుంచి కిందికి జారుతూ వస్తుంది. తెలుగులో పైన గుడి, కింద వత్తు, వత్తు కింద ఒక్కోసారి ఇంకో వత్తు. ఇంగ్లిష్ అక్షరం కొలతతో గీసిన వరసలో మన మాటకు పైనో కిందో కత్తెర పడుతుంది. ఫాంట్‌లో మన లిపే లేకపోతే ఇక పేరు స్థానంలో వరుసగా డబ్బాలు. వరస ఎత్తు కాస్త పెంచితే ఉర్దూకూ తెలుగుకూ ఒకేసారి ఊపిరి ఆడుతుంది, వేలికీ జాగా పెరుగుతుంది. గంగా జమునీ తహజీబ్ అని మైకుల్లో మాట్లాడటం కంటే ఇది సులువు.

దిశ విషయంలో ఒక నుక్తా కూడా చెప్పాలి. ఉర్దూ పెట్టగానే తెర మొత్తాన్ని అద్దంలో లాగా తిప్పేయడం కూడా గలతే. మెనూ కుడివైపుకు రావాలి, వెనక్కి పోయే బాణం తిరగాలి. కానీ ప్లే గుర్తు, ముందుకు జరిగే గీత తిరగకూడదు. అవి టేపు తిరిగే దిశను చూపిస్తాయి, చదివే దిశను కాదు. క్యాసెట్ తిప్పిన తరానికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు.

మన లిపిని పెద్ద కంపెనీలు సైతం ఎంత లాపర్వాగా చూస్తాయో తెలుసా? 2018 ఫిబ్రవరిలో జ్ఞ అక్షరంతో కూడిన ఒక తెలుగు జోడింపు సందేశంలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ హడావుడిగా సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. దునియా అంతా నవ్వుకుంది, "తెలుగు అక్షరం ఫోన్‌ను చంపింది" అని. అక్షరం ఎవరినీ చంపలేదు సాహెబ్. కోట్ల మంది రాసుకునే అక్షరాన్ని ముందే సరిగ్గా పరీక్షించలేదు, ఇల్జామ్ మాత్రం అక్షరం మీద వేశారు.

ఇదంతా చెబితే నాకు వచ్చే జవాబులు కూడా రాస్తాను.

"అంత గొడవెందుకు భాయ్, యూట్యూబ్ పెట్టివ్వు." యూట్యూబ్‌లో మా అబ్బా లేడు. ఉన్నా, ఆయన గొంతుకు ముందు ఇస్తెహార్ వస్తుంది. ఇంట్లో ఉన్నది ఇంట్లోనే, నెట్ ఉన్నా లేకున్నా వినగలగడమే మీడియా సెంటర్ ఫాయిదా.

"గొంతుతో అడిగితే సరిపోతుంది, వేలు కూడా అక్కర్లేదు." తాండూరు బజార్లో పది నిమిషాలు నిలబడండి. దక్కనీ, తెలుగు, కన్నడ, లంబాడీ నాలుగూ చెవిలో పడతాయి, ఒక్కోసారి ఒకే మనిషి నోట్లోంచి. మెషీన్‌కు నేర్పిన ఉర్దూ వేరు, అమ్మీ మాట్లాడే దక్కనీ వేరు. "నక్కో" అంటే వద్దు అని దానికెవరు చెప్పారు?

"ఇంట్లో పిల్లలున్నారు కదా, వాళ్లు పెడతారు." నాకు అన్నిటికన్నా గుస్సా తెప్పించే జవాబు ఇదే. "బేటా, జర వో లగా దే" అని మనవడిని బతిమాలడం, వాడు ఫోన్‌లోంచి తలెత్తకుండా "అభీ ఆతూఁ దాదీ" అనడం, ఆమె ఎదురుచూడటం. దీని పేరు మొహతాజీ. వంటింటి పెత్తనం ఇచ్చాం, చాబీల గుత్తి ఇచ్చాం, భర్త గొంతు వినడానికి మాత్రం ఆమె ఇజాజత్ అడగాలి. పెద్ద మనుషులకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, తెర అర్థం కాదని మనం తీర్పు చెప్పేశాం. అదే అమ్మీ అలీఫ్ బే నేర్చుకుని ఖురాన్ చదివింది, బియ్యం గింజల్లో రాయిని కళ్లు మూసుకుని పడుతుంది. ఆమెకు అఖల్ తక్కువ కాలేదు. మీ తెరకు అదబ్ తక్కువైంది.

ఇక మనవాళ్లతో రెండు మాటలు. 2017 నవంబరులో ఉర్దూను తెలంగాణ అంతటా రెండో అధికార భాష చేస్తూ అసెంబ్లీలో బిల్లు ఆమోదించారు. ముబారక్. ముషాయిరాలు జరుగుతున్నాయి, జుబాన్ చచ్చిపోతోందని ఆంసూలు కారుస్తున్నాం. తెలుగు అభిమానుల సభలు కూడా ఇంతకు భిన్నం కాదు. ఒకప్పుడు ఉర్దూ అఖ్బార్లు కాతిబ్‌ల చేతిరాత మీదే నడిచేవి. 1981లో అహ్మద్ మీర్జా జమీల్ పూనుకుని వేల జోడింపులతో నూరీ నస్తాలీఖ్ తయారు చేశాక ఉర్దూ కంప్యూటర్‌లోకి నడిచింది. ఆయన పని చేశాడు. మనం తఖ్‌రీర్ చేస్తున్నాం.

కోడి సోర్స్ మొత్తం తెరిచి ఉంది. స్కిన్ అంటే ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు, మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటాయి. బటన్ ఎక్కడ, వరస ఎత్తు ఎంత, ఫాంట్ ఏది అన్నీ అందులోనే. ఏ సైగకు ఏ పని అన్నది ఇంకో ఫైల్. మాటల తర్జుమా వెబ్‌లేట్‌లో ఎవరైనా చేయవచ్చు. లైసెన్స్ ఫీజు లేదు, సిఫారసు అక్కర్లేదు. వికారాబాద్ జిల్లాలో ఇంజినీరింగ్ చదివి నౌకరీ కోసం చూస్తున్న పిల్లలున్నారు, తెలుగు, ఉర్దూ చక్కగా రాసే టీచర్లున్నారు. వీళ్లిద్దరూ ఒక టేబుల్ దగ్గర కూర్చోవాలి. మూడో కుర్చీలో ఒక దాదీ ఉండాలి, నాలుగోదాంట్లో రాయి పాలిష్ చేసే మనిషి. తెర గీశాక చూపించడం కాదు, గీయకముందే అడగడం.

వాళ్లు గీసే తెర నుంచి నేను కోరేది ఎక్కువేం కాదు. మొదటి పేజీలో ఆరు బొమ్మలకు మించి వద్దు, అవి ఇంటివాళ్ల మొహాలు కావాలి. వెనక్కి పోయే బటన్ ప్రతి పేజీలో ఒకే మూలన ఉండాలి. దాచిన సైగతో అయ్యే ప్రతి పనికీ కనిపించే బటన్ ఉండాలి. ముట్టగానే ముట్టినట్టు రంగు మారాలి, రాతిపొడి వేలికి అది భరోసా. పేరు పూర్తిగా కనిపించాలి, గుడీ వత్తూ తెగకూడదు. ఎక్కడ తప్పు నొక్కినా ఏదీ పోకూడదు, ఆ మాట తెర మీద తెలుగులో, ఉర్దూలో రాసి ఉండాలి.

2024 డిసెంబరులో టీ-ఫైబర్ మొదలైంది, టీవీనే కంప్యూటర్ అవుతుందన్నారు. అవనివ్వండి. కానీ తీగ ఇంటిదాకా వచ్చి తెర మనిషిని లోపలికి రానివ్వకపోతే ఆ తీగ దేనికి? బటన్ కొలిచే ముందు వేలు చూడండి, ఆ వేలి వెనకున్న మనిషిని ఒక్క మాట అడగండి. మిగతాదంతా నోట్‌ప్యాడ్ పని.