దారిలో ఆగిన బండి ఎవరి సమస్య?

క్షేత్రస్థాయి కార్యకర్తల కోసం స్వచ్ఛంద సంస్థలు ఇచ్చే ప్రకటనల్లో ‘రెండు చక్రాల వాహనం నడపడం వచ్చి వుండాలి’ అనే షరతు మామూలైపోయింది. స్త్రీలు బండి నడపడాన్ని సమాజం వింతగా చూసిన రోజుల్ని దాటి వచ్చాం గనుక ఈ షరతు మనకు ప్రగతిగానే కనిపిస్తుంది. కానీ ఆ బండి ఊరికీ ఊరికీ మధ్య ఆగిపోతే ఏం చెయ్యాలో ఏ ప్రకటనా చెప్పదు, ఏ శిక్షణా నేర్పదు. బండి కొనుక్కోవడం ఆమె వంతు, నెలనెలా వాయిదా కట్టడం ఆమె వంతు, చీకట్లో రోడ్డు పక్కన నిలబడడమూ ఆమె వంతే. పని మాత్రం సంస్థది. ఈ లెక్క న్యాయంగా వుందా అన్నది మనం మనల్ని అడుక్కోవలసిన ప్రశ్న.

మన పని ఎలా నడుస్తుందో మనకు తెలుసు. కూలి పనులకు వెళ్లిన స్త్రీలు ఇంటికొచ్చి, నీళ్లు పట్టుకుని, వంట చేసి, పిల్లలకు అన్నం పెట్టాక గానీ సంఘం మీటింగుకు కూర్చోరు. అంటే ఏడు దాటాలి. మీటింగు ముగిసేసరికి తొమ్మిదవుతుంది. ఆ వేళకు ఆ ఊరికి బస్సు వుండదు. కార్యకర్త బండి మీదే తిరిగి రావాలి. గ్రామానికి వెళ్లే పద్ధతిని స్త్రీల తీరికను బట్టి పెట్టుకున్నాం, అది సరైనదే. ఆ పద్ధతి వల్ల వచ్చే రాత్రి ప్రయాణాన్ని మాత్రం కార్యకర్త సొంత విషయంగా వదిలేశాం.

బండి ఆగిపోయినప్పుడు ఏమవుతుంది? ముందుగా భయం. తర్వాత ఫోను. ఆ ఫోను భర్తకో, అన్నకో, తెలిసిన మగవాళ్లెవరికో వెళుతుంది. వాళ్లొచ్చేదాకా నిలబడాలి. వచ్చినాక ‘ఈ వేళప్పుడు నీకెందుకీ ఉద్యోగం?’ అనే మాట పడాలి. మర్నాడు మెకానిక్ దగ్గరికి తీసుకెళితే ‘ఇంట్లో మగవాళ్లెవరూ లేరామ్మా?’ అని అడుగుతాడు. బండి ఆర్.సి. ఆమె పేరునే వుంటుంది, కానీ జబ్బేమిటో, ఏ సామాను మార్చాలో, ఎంతవుతుందో మెకానిక్ చెప్పేది పక్కన నిలబడ్డ మగవాడికి. ఆరు నెలలు ఇలా గడిచాక ఆ కార్యకర్త ఉద్యోగం మానేస్తే ‘ఇంటి పరిస్థితుల వల్ల’ అని రాసుకుంటాం. అందులో దారిలో ఆగిన బండి వంతు ఎంతో మనం ఎప్పుడూ లెక్కగట్టలేదు.

యంత్రాల గురించి ఆడవాళ్లకు తెలియదనేది మనం చిన్నప్పటి నుంచీ వింటున్న మాట. తెలియకపోవడం పుట్టుకతో వచ్చింది కాదు. మగపిల్లలు బండి గురించి బడిలో నేర్చుకోరు. సాయంత్రం పూట మెకానిక్ షెడ్డు దగ్గర నిలబడి, పానాలు అందిస్తూ, చూస్తూ నేర్చుకుంటారు. ఆడపిల్ల అలా పది నిమిషాలు నిలబడితే ఊరంతా మాట్లాడుకుంటుంది. స్త్రీకి బండి తోలే హక్కు ఇచ్చి, బండి తెలుసుకునే చోటును మాత్రం సమాజం మగవాళ్ల దగ్గరే వుంచుకుంది. చట్టం రాసినవాళ్ల వూహ కూడా ఇలాంటిదే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 123వ నిబంధన వుంది. వెనక కూర్చున్న మనిషి బట్టలు చక్రంలో చిక్కుకోకుండా చక్రాన్ని కనీసం సగం మేరకు కప్పే రక్షణ వుండాలని అది చెబుతుంది. చీర గార్డు అని మనం పిలిచేది అదే. అది ప్రాణాలు కాపాడిన మంచి నిబంధనే. కానీ ఆ చీర కట్టుకున్న మనిషి ముందు కూర్చుని బండి నడపవచ్చన్న ఆలోచన అందులో కనబడదు.

ఈ విషయంలో మనకు మంచి అనుభవాలు లేకపోలేదు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సారా వ్యతిరేక పోరాటానికి దారి తీసిన సంగతి మనందరికీ తెలుసు. దాదాపు అదే కాలంలో, 1990ల మొదట్లో, తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సైకిల్ తొక్కడాన్ని కూడా చదువులో భాగం చేసింది. ఎక్కడికీ కదలలేకపోవడం స్త్రీల ఆత్మవిశ్వాసాన్ని దెబ్బతీస్తోందని గుర్తించిన అప్పటి కలెక్టర్ షీలారాణి చుంకత్, స్త్రీలు సైకిళ్లు కొనుక్కోవడానికి అప్పులివ్వమని బ్యాంకుల మీద ఒత్తిడి తెచ్చారు. వేలాది గ్రామీణ స్త్రీలు సైకిళ్లెక్కారు. ఆడవాళ్ల సైకిళ్లు చాలక మగవాళ్ల సైకిళ్లు కూడా కొన్నారు. ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో అదే దశకంలో మహిళా సమాఖ్య కార్యక్రమం కింద దళిత, ఆదివాసీ స్త్రీలు చేతిపంపుల మరమ్మత్తు నేర్చుకుని మెకానిక్కులయ్యారు. అక్షరాలు రాని స్త్రీలు గొట్టాలు విప్పి, వాషర్లు మార్చి, పంపు బిగించారు. చేతిపంపు విప్పగలిగిన స్త్రీకి మోపెడ్ ప్లగ్గు విప్పడం ఒక లెక్కా?

నిజానికి దారిలో బండి ఆగిపోవడానికి వుండే కారణాల్లో చాలావాటిని పది నిమిషాల్లో పట్టుకోవచ్చు. ఇంజన్ నడవాలంటే పెట్రోలు, గాలి, నిప్పురవ్వ అందాలి. బండి ఆగితే వీటిలో ఏది అందడం లేదో వరసగా చూసుకోవాలి. ముందు బండిని రోడ్డు అంచుకు తియ్యాలి. హ్యాండిల్ మీద ఇంజన్ ఆపే స్విచ్చు వున్న బండ్లలో చెయ్యో, సంచో తగిలి అది ఆగిపోయిందేమో చూడాలి. సైడు స్టాండు వేసి వుంటే స్టార్టు కాని బండ్లు ఇప్పుడు చాలా వచ్చాయి. స్కూటర్లలో చాలావాటికి బ్రేకు పట్టుకుంటేనే సెల్ఫ్ పనిచేస్తుంది. పెట్రోలు ముల్లును నమ్మకుండా బండిని అటూ ఇటూ వూపితే ట్యాంకులో చప్పుడు తెలుస్తుంది. పాత మోటారు సైకిలైతే పెట్రోలు నాబును రిజర్వుకు తిప్పాలి. హారన్ నీరసంగా మోగితే బ్యాటరీ దిగిపోయిందని అర్థం, అప్పుడు కిక్ వున్న బండిని కిక్ కొట్టాలి. ఇవన్నీ సరిగా వుంటే ప్లగ్గు మీద టోపీ వదులైందేమో నొక్కి చూడాలి. ఇంజన్ చల్లారాక ప్లగ్ పానాతో ప్లగ్గు విప్పి, తడిగా వుంటే తుడిచి, మసి పట్టి వుంటే గరుకు కాగితంతో గీకి బిగించాలి. పాత మోపెడ్లు సగానికి సగం దీనికే మళ్లీ లేస్తాయి.

వానాకాలంలో వాగు దాటేటప్పుడు సైలెన్సర్ మునిగి బండి ఆగితే మళ్లీ మళ్లీ స్టార్టు చెయ్యకూడదు. నీళ్లు ఇంజన్‌లోకి వెళితే వందల్లో పోయేది వేలల్లోకి వస్తుంది. ట్యూబు లేని టైరులో మేకు దిగితే దాన్ని పీకేయకూడదు. మేకుతోనే గాలి కొట్టించుకుని, నెమ్మదిగా పంక్చర్ షాపు దాకా వెళ్లవచ్చు. ట్యూబు వున్న టైరైతే గాలి పోయినాక దాని మీద ఎక్కి నడపకుండా తోసుకెళ్లాలి, లేకపోతే ట్యూబూ టైరూ రెండూ పోతాయి. గేర్ల బండికి ఒక క్లచ్ వైరు అదనంగా పెట్టుకోవాలి. ఇక 2020 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్లలో ఎక్కువ వాటికి చోకూ రిజర్వూ లేవు. పెట్రోలును ఎలక్ట్రానిక్ పద్ధతిలో అందించే ఏర్పాటు వుంది. మీటరు మీద ఇంజన్ బొమ్మ వున్న దీపం ఇంజన్ నడుస్తుండగా ఆరకుండా వెలుగుతుంటే మెకానిక్కుకే చూపించాలి. ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియడం ఎంత ముఖ్యమో, ఎక్కడ పెట్టకూడదో తెలియడమూ అంతే ముఖ్యం.

ఇదంతా ఒక పూట శిక్షణలో నేర్పగలిగిన విషయం. అందరికీ అన్నీ రావు. కానీ జబ్బు ఏమిటో తెలిసిన మనిషి మెకానిక్ ముందు నిలబడే తీరు వేరుగా వుంటుంది. అవసరం లేని సామాను అంటగట్టబోతే ఎందుకని అడగగలుగుతుంది. పాత సామాను చూపించమనగలుగుతుంది. చీకట్లో సైతం, బండి కదులుతుందా లేదా అన్నది తేల్చుకుంటే అక్కడ వుండాలో, తాళం వేసి దగ్గరి ఊళ్లోకి నడవాలో నిర్ణయించుకోగలుగుతుంది. ఆ నిర్ణయం తన చేతిలో వుండడమే అసలు సంగతి.

అయితే ఇక్కడొక హెచ్చరిక చేసుకోవాలి. 2019 నవంబర్ 27 రాత్రి హైదరాబాద్ శివార్లలో, శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలి స్కూటర్ టైరులో గాలి తీసేసి, బాగు చేయిస్తామని నమ్మించి, ఆమెపై అత్యాచారం చేసి చంపేశారు. ఆ రాత్రి ఆమె తన చెల్లెలికి ఫోను చేసింది. తర్వాత చెల్లెలికి బదులు పోలీసులకు చేసి వుండాల్సిందని అధికారంలో వున్నవాళ్లే అన్నారు. కేసు నమోదులో ఆలస్యం చేసినందుకు ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారన్న సంగతి ఆ మాటల్లో మరుగున పడింది. పది రోజులు తిరక్కుండానే నలుగురు నిందితుల్నీ ఎన్‌కౌంటర్‌లో చంపి న్యాయం జరిగిందన్నారు. అది పోలీసులు చెప్పినట్టు జరగలేదని సుప్రీంకోర్టు నియమించిన కమిషన్ 2022లో తేల్చింది. ఆ హత్యకు కారణం పంక్చర్ కాదు. ఆమెకు మరమ్మత్తు రాకపోవడం అసలే కాదు. రేపు ఏ కార్యకర్తకైనా ఏదైనా జరిగితే ‘శిక్షణ ఇచ్చాం కదా, బాగు చేసుకోవాల్సింది’ అనే మాట మన నోటి నుంచి రాకూడదు. నేర్చుకోవడం ఆమె హక్కు. దాన్ని ఆమె మీద మోపే మరో బాధ్యతగా మార్చకూడదు.

అందుకే మరమ్మత్తు నేర్పడంతో మన పని అయిపోదు. పని కోసం రోడ్డు మీద వున్న స్త్రీ పని స్థలంలో వున్నట్టే. మన దేశంలో పని స్థలం గురించిన చర్చ మొదలైందే క్షేత్రంలో తిరిగే ఒక కార్యకర్త మీద జరిగిన హింస నుంచి. 1992లో రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయిన సాథిన్ భన్వరీదేవిపై సామూహిక అత్యాచారం జరిగింది. ఆమె కార్యాలయంలో కూర్చున్న ఉద్యోగి కాదు. ఆ దారుణం తర్వాత స్త్రీల సంస్థలు వేసిన కేసులోనే 1997లో విశాఖ తీర్పు వచ్చింది. పని స్థలంలో లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం, ఉద్యోగం పనిమీద వెళ్లిన ఏ చోటైనా పని స్థలమేనని చెబుతుంది. జీతానికి చేసినా, స్వచ్ఛందంగా చేసినా ఆమెను ఉద్యోగిగానే చూస్తుంది. ఆశా కార్యకర్తల్ని ‘వాలంటీర్లు’ అని పిలిచి చేతులు దులుపుకునే ప్రభుత్వాన్ని మనం నిలదీస్తున్నాం. అదే ప్రశ్న మన సంస్థలకూ వర్తిస్తుంది.

మన ప్రాజెక్టు బడ్జెట్లు తీసి చూడండి. ప్రయాణ ఖర్చుల కింద కిలోమీటరుకు ఇంత అని పెట్రోలు డబ్బు వుంటుంది. టైరు అరిగితే, బ్యాటరీ పోతే, సర్వీసు చేయిస్తే ఆ ఖర్చు ఎవరిది? సంస్థ పనిమీద ఊరూరూ తిరిగి అరిగిన టైరు ఆమె సొంత టైరెలా అవుతుంది? ఆలస్యమైతే సగం రోజు కోత వేసే రిజిస్టరులో ‘బండి ఆగింది’ అని రాయడానికి గడి వుందా?

చెయ్యవలసినవి పెద్ద పనులేం కావు. కొత్త కార్యకర్తల శిక్షణలో ఒక పూట బండికి కేటాయించాలి, వీలైతే నేర్పేది కూడా స్త్రీయే కావాలి. ప్రతి బండి డిక్కీలో ప్లగ్ పానా, స్క్రూడ్రైవర్, టార్చి లైటు, గాలి పంపు సంస్థ ఖర్చుతో వుండాలి. మరమ్మత్తుల కోసం బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు పెట్టాలి, నిధులిచ్చే సంస్థలతో అందుకోసం వాదించాలి. రాత్రి మీటింగులకు ఇద్దరు కలిసి వెళ్లాలి, లేదా ఆ రాత్రి ఆ ఊళ్లోనే వుండిపోయే ఏర్పాటు జరగాలి. బండి ఆగితే ఫోను ఎత్తే బాధ్యత ప్రతి రాత్రీ సంస్థలో ఒకరి మీద వుండాలి, వెళ్లి తీసుకురావడానికి వాహనం వుండాలి. అత్యవసరమైతే 112, జాతీయ రహదారి మీదైతే 1033 నంబర్లు ప్రతి కార్యకర్త దగ్గరా వుండాలి. ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా, ఎక్కడ జరిగిన నేరమైనా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జూలై నుంచి అమల్లో వున్న నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షన్ చెబుతుందన్నది కూడా ఆమెకు తెలియాలి. ఆ రోజు ఆలస్యానికి కోత వుండకూడదు.

గ్రామ సంఘాల స్త్రీలకు మనం చెబుతున్నదేమిటి? మీ సమస్య మీ ఒక్కరిది కాదు, దాన్ని సంఘంలో పెట్టండి అని. మన కార్యకర్తల బండి సమస్యను కూడా వచ్చే సిబ్బంది సమావేశంలో ఎజెండా మీద పెడదాం. మొదటి అంశంగా పెడదాం.