మాటు వేసే చేతికి చోటేది?

కారు అద్దం కడిగే నీళ్ల డబ్బాకు వెంట్రుకంత పగులు వస్తే షోరూం సర్వీసు వాళ్ల దగ్గర ఒకటే మందు: మార్చాలి. పగులు ఎక్కడుందో చూడకముందే ఎస్టిమేట్ తయారవుతుంది. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఇంతకీ ఆ డబ్బా చేసే పనేమిటి? నీళ్లు పట్టి ఉంచడం. లోపల ఒత్తిడి లేదు, మరిగే ద్రవం లేదు. ఇంట్లో బిందెకున్న బాధ్యతే దానికీ. వేడి ఇనుముతో ప్లాస్టిక్ బిందెలకు మాటు వేసే పని వీధుల్లో ఎప్పటినుంచో ఉంది. హైదరాబాద్ పాతబస్తీలో మొఘల్‌పురా, శాలిబండ గల్లీల్లాంటి చోట మడిగెలో కూర్చున్న మెకానిక్కుకు ఈ పని అప్పగిస్తే తప్పేముంది?

అతుకు వారానికే ఊడుతుందని ఒక వాదన. జిగురు పూస్తే ఊడక ఏమవుతుంది? ఈ డబ్బాలు చాలావరకు పాలీఇథిలిన్ లేదా పాలీప్రొపిలిన్‌తో పోసినవి. వాటి మీద ఫెవిక్విక్, అరల్డైట్ తామరాకు మీది నీటిబొట్టే. ఇది కరిగించి కలపాల్సిన పని. డబ్బా మీద పీఈ అనో పీపీ అనో అచ్చు ఉంటుంది. మొదటిది 130 డిగ్రీల దగ్గర, రెండోది 160 దాటాక కరుగుతుంది. ఒకదానికి ఇంకొకటి అతకదు కనుక అదే రకం ముక్క వెతకాలి. పగులు ఇంకా పాకకుండా దాని రెండు కొసల్లో సన్నని బెజ్జాలు వేసి, పొడవునా గాడి తీసి, సోల్డరింగ్ ఐరన్‌తో ముక్కను అందులోకి కరిగించాలి. తర్వాత నీళ్లు నింపి ఒక రాత్రి వదిలేస్తే నిజం తెలుస్తుంది. రేడియేటర్ పక్కన ఉండే కూలెంట్ డబ్బా సంగతి వేరు. అందులో వేడి ఉంటుంది, కొన్ని కార్లలో ఒత్తిడీ ఉంటుంది, దాన్ని మార్చాల్సిందే. ఆ తేడా తెలిసినవాడే మెకానిక్కు.

విడిభాగాలు, రిపేరు సమాచారం బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2022 డిసెంబరులో కేంద్రం ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెరిచింది. పోర్టల్ తెరిస్తే హక్కు వచ్చేసినట్టేనని మన ప్రభుత్వాల నమ్మకం కాబోలు! హక్కు సరే, రిపేరు చేసే మనిషి మాటేమిటి? 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. పడవలు చేసేవారు, వలలు అల్లేవారు, చివరికి ఆయుధాలు చేసేవారు కూడా ఉన్నారు, ఉండాల్సిందే. మెకానిక్కు లేడు, బిందెకు మాటు వేసేవాడు లేడు, గిన్నెలకు కళాయి పోసేవాడూ లేడు. రేపు మొఘల్‌పురా నుంచి ఒక ఉస్తాద్ దరఖాస్తు పెట్టుకుంటే ఆ 18 గళ్లలో దేనికి టిక్కు కొట్టాలి? కమ్మరి అనా, బొమ్మలు చేసేవాడనా?