కంప్యూటర్ కబుర్లు: డిస్కు పోలేదు, భాష మారింది



ఈసారి చెప్పబోయేది కాస్త లోపలి సంగతే అయినా, పాత కంప్యూటర్ ఉన్న ప్రతి ఇంటికీ పనికొచ్చేది. బాగా నడుస్తున్న యంత్రం ఒకరోజు ఉన్నట్టుండి నీలం తెర చూపిస్తుంది. ఆపి మళ్ళీ వేసినా అదే తెర. దుకాణానికి తీసుకెళితే "హార్డ్ డిస్కు పోయిందండీ, ఫార్మాట్ చేయాల్సిందే" అంటారు. ఫార్మాట్ అంటే అందులో దాచుకున్నదంతా తుడిచేయడం. ఆ మాటకు తల ఊపేముందు చూసుకోవలసిన చిన్న అమరిక ఒకటుంది. దాన్ని సాటా మోడ్ అంటారు.

హార్డ్ డిస్కు నేరుగా విండోస్‌తో మాట్లాడదు. మదర్‌బోర్డు మీద కంట్రోలర్ అనే మధ్యవర్తి ఉంటుంది. విండోస్ అడిగింది డిస్కుకూ, డిస్కు ఇచ్చింది విండోస్‌కూ చేరవేసేది అదే. 2003లో సాటా ప్రమాణం వచ్చాక తయారైన చాలా బోర్డుల్లో ఈ మధ్యవర్తికి రెండు భాషలు వచ్చు. ఒకటి 1980ల నాటి ఐ.డి.ఇ. పద్ధతి. రెండోది 2004లో ఇంటెల్ వెలువరించిన ఎ.హెచ్.సి.ఐ. పద్ధతి. ఏ భాషలో మాట్లాడాలో బయాస్‌లో ఎంచుకుంటాం.

మనకిది కొత్త కాదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో. ఎవరితో ఏ భాష మాట్లాడాలో మన పిల్లలకు కూడా తెలుసు. విండోస్‌కు ఆ ఒడుపు తక్కువ. దాన్ని ఎక్కించిన రోజున కంట్రోలర్ ఏ భాషలో పలికిందో అదే పట్టుకుని కూర్చుంటుంది. మధ్యలో భాష మారితే, ఎదురుగా ఉన్న డిస్కు కూడా దానికి దొరకదు. విండోస్ ఎక్స్‌పి, 7 లలో అప్పుడు నీలం తెర మీద వరుసగా సున్నాలు, వాటి చివర 7బి అన్న సంకేతం వస్తాయి. కొత్త విండోస్‌లలో "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అని వస్తుంది.

మరి ఎవరూ ముట్టుకోకుండా అమరిక ఎలా మారుతుంది? మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది. పేరు సి.ఆర్. 2032, మూడు వోల్టులది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. చాలా పాత బోర్డుల్లో అమరికలను గుర్తుంచేదీ అదే. అది నీరసిస్తే బోర్డు ఫ్యాక్టరీ నాటి అమరికలకు వెళ్ళిపోతుంది. అప్పుడే సాటా మోడ్ కూడా మారిపోవచ్చు.

బరంపురంలో నాకు తెలిసిన ఒక మాస్టారుగారి ఇంట ఇదే జరిగింది. ఆయన యంత్రం 2012 నాటిది. పేజ్‌మేకర్‌లో, పాత తెలుగు ఫాంట్లతో పనిచేయడానికి అందులో ఎక్స్‌పినే ఉంచుకున్నారు. వాళ్ళ అమ్మగారు పాడిన పెళ్ళి పాటలు, అప్పగింతల పాటలు ఏళ్ళ తరబడి కూర్చుని అందులో టైపు చేశారు. ఆవిడ ఇప్పుడు లేరు. దుకాణంలో ఫార్మాట్ మాట అన్నాక ఆయన నాకు ఫోన్ చేసి, "బాబూ, పాటలు పోయినట్టేనా?" అన్నారు. "మాస్టారూ, ఈమధ్య గడియారం తప్పు తేదీ చూపిస్తోందా?" అని అడిగాను. "ఎన్నిసార్లు సరిచేసినా వెనక్కి పోతోంది" అన్నారు. సగం జవాబు అక్కడే దొరికింది.

వెళ్ళి చూస్తే బయాస్‌లో డిస్కు పేరు చక్కగా కనిపిస్తోంది. మోడ్ మాత్రం ఎ.హెచ్.సి.ఐ.లో ఉంది. ఎక్స్‌పికి సహజంగా ఆ భాష రాదు. ప్లగ్గు తీసి బ్యాటరీ మార్చి, మోడ్‌ను ఐ.డి.ఇ.కి తిప్పాం. పది నిమిషాల్లో పాటలన్నీ తెర మీదికొచ్చాయి. మాస్టారుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

మీ ఇంట్లో ఇలా జరిగితే చేయవలసింది ఇది. యంత్రం వేయగానే డెల్ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ ఉంటే బయాస్ తెరుచుకుంటుంది. డిస్కు పేరు కనిపిస్తోందో లేదో ముందు చూడండి. తర్వాత సాటా మోడ్ ఉన్న పేజీని ఫోనుతో ఫొటో తీసుకోండి. అప్పుడు మాత్రమే రెండో పద్ధతికి మార్చి, భద్రపరిచి బయటికి రండి. ఫలితం లేకపోతే మళ్ళీ మొదటిదానికే పెట్టండి. ఈ రెండింటి మధ్య మార్చినంత మాత్రాన ఫైళ్ళు చెరిగిపోవు.

కొన్ని జాగ్రత్తలు మరువకండి. అక్కడ రెయిడ్ అని ఉంటే, లేదా రెండు మూడు డిస్కులు జతకట్టి ఉంటే, ముట్టుకోకుండా తెలిసినవారిని పిలవండి. బిట్‌లాకర్ తాళం వేసిన యంత్రమైతే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు, దాన్ని ముందే దగ్గర పెట్టుకోండి. బయాస్‌లో డిస్కు పేరే కనిపించకపోయినా, లోపల టిక్కుటిక్కుమని చప్పుడు వచ్చినా అది వేరే జబ్బు. యంత్రాన్ని పదే పదే వేయకుండా డేటా తీసిచ్చే వారికి చూపించండి.

వేగం కోసం కావాలనే ఐ.డి.ఇ. నుంచి ఎ.హెచ్.సి.ఐ.కి మార్చేవారూ ఉన్నారు. ఈ పద్ధతిలో డిస్కు ఒకేసారి 32 ఆదేశాల వరకు వరుసలో పెట్టుకోగలదు. ఎస్.ఎస్.డి. ఉంటే ఆ తేడా తెలుస్తుంది. విండోస్ 10, 11 లలో అయితే ముందు సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో సేఫ్ బూట్‌కు టిక్కు పెట్టి, ఆపైన బయాస్‌లో మోడ్ మార్చాలి. ఒకసారి సేఫ్ మోడ్‌లో తెరుచుకున్నాక ఆ టిక్కు తీసేయాలి. పాత హార్డ్ డిస్కుతో సవ్యంగా నడుస్తున్న యంత్రాన్ని మాత్రం కదపకపోవడమే మేలు.

ఇక అసలు మాట. బ్యాటరీ మారిస్తే యంత్రం లేచింది గానీ, డిస్కు కూడా ఏదో ఒకనాడు నిజంగానే పోతుంది. ఎక్స్‌పికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది, దాన్ని ఇంటర్నెట్‌కు తగిలించకండి. పాత ఫాంట్లలో ఉన్న తెలుగు వేరే యంత్రంలో పిచ్చి గీతలుగా కనబడుతుంది. కాబట్టి పి.డి.ఎఫ్.గా ఒక ప్రతి, వీలైతే యూనికోడ్‌లోకి మార్చి మరో ప్రతి, రెండు వేర్వేరు చోట్ల దాచండి. మాస్టారుగారి పాటలు ఇప్పుడు ఆయన కూతురి ఇంట్లో కూడా ఉన్నాయి.

మీ పెట్టెలో ఏమున్నాయో ఈ ఆదివారం ఒకసారి తెరిచి చూడండి. వచ్చే సంచికలో కలుద్దాం.